‘మన అజ్జూ’, ‘మీ అజ్జూ’

మలక్‌పేట రేసుకోర్సు ప్రహరీ వెనుక సందుల్లో టెన్నిసు బంతితో ఆడుకున్న రోజుల్లో బ్యాటు చేతికి రాగానే మాలో ప్రతివాడూ ముందు చేసే పని ఒకటుండేది: చొక్కా కాలరు పైకెత్తడం. మెడలో తాయెత్తు ఉన్నవాడు దాన్ని బయటికి లాగి పంటికింద పట్టేవాడు. లేనివాడు ఉన్నట్టు నటించేవాడు. మా జట్టులో మాంసం దుకాణం ఖురేషీల అబ్బాయి ఉన్నాడు, ఇస్త్రీ బండి చాకలివారి అబ్బాయి ఉన్నాడు, గంజ్‌లో ఉల్లిగడ్డల బస్తాలు మోసే మాదిగ హమాలీ కొడుకున్నాడు, బ్యాంకు ఉద్యోగి కుమారుడైన ఒక బ్రాహ్మణ కుర్రాడూ ఉన్నాడు. క్రీజులో నిలబడితే అందరూ అజ్జూలే. 1993 జనవరిలో కలకత్తాలో ఇంగ్లండు మీద మహమ్మద్ అజహరుద్దీన్ 182 పరుగులు చేసినప్పుడు, ఆఫ్‌స్టంపు అవతల పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ వైపు పంపే ఆ విద్యను మేమంతా వారాల తరబడి సాధన చేశాం. ఎవరికీ రాలేదు. అయినా ఆయన ‘మన అజ్జూ’యే. ఆ ‘మన’లో మలక్‌పేట ఉంది, హైదరాబాదు ఉంది, నిజాం కాలేజీ ఉంది. కులం లేదు, మతం లేదు అని మేం నమ్మాం.

2000 డిసెంబరులో మ్యాచ్‌ఫిక్సింగ్ ఆరోపణలపై భారత క్రికెట్ బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. ఆ సాయంత్రం ఇరానీ హోటల్లో నలుగురం కూర్చున్నాం. మాలో ఒకడు ఖురేషీ మిత్రుడి వైపు తిరిగి, ‘‘మీ అజ్జూ ఎంత పని చేశాడ్రా’’ అన్నాడు. అన్నవాడు చెడ్డవాడు కాడు. అన్న తరువాత చాయ్ కూడా అతడే ఇప్పించాడు. కానీ ‘మన’ ఆ క్షణంలో ‘మీ’ అయింది. ఆ రోజు జీవితకాల నిషేధం పడింది అజహరుద్దీన్ ఒక్కరికే కాదు, అజయ్ శర్మకు కూడా. మా బ్రాహ్మణ మిత్రుణ్ణి పట్టుకొని ‘‘మీ శర్మ ఇలా చేశాడేమిటి’’ అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఊహే ఎవరికీ తోచలేదు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. బోర్డు నిషేధాన్ని న్యాయస్థానం కొట్టివేయగలిగింది గానీ, ఆ సర్వనామాన్ని కొట్టివేసే న్యాయస్థానం ఎక్కడుంది?

పాతికేళ్ల తరువాత, 2025 అక్టోబరు 31న రాజ్‌భవన్‌లో అజహరుద్దీన్ తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ఇరానీ హోటలే. క్రీడాకారుడు రాజకీయాల్లోకి రావడం మంచిదా చెడ్డదా అనే చర్చ మనకు అలవాటైపోయింది. అది పెద్దగా ఉపయోగం లేని చర్చ. వచ్చాక ఆయనను ఏ గడిలో కూర్చోబెడుతున్నారు, ఆ గడిలో అంతకుముందు ఎవరు ఉండవలసింది అన్నదే ప్రశ్న. ఆటలో సంపాదించిన కీర్తికి కులం లేకపోవచ్చు. టికెట్టుకు మాత్రం ఉంటుంది.

ఆయన ప్రయాణాన్నే చూడండి. 1984-85లో వరుసగా తొలి మూడు టెస్టుల్లో మూడు శతకాలు చేసినవాడు, 99 టెస్టులాడి 22 శతకాలు కొట్టినవాడు, మూడు ప్రపంచకప్‌లలో దేశానికి సారథ్యం వహించినవాడు. 2009 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో చేరారు. ఎక్కడ నిలబెట్టారు? పుట్టి పెరిగిన హైదరాబాదులో కాదు, ఆయన భాష తప్ప ఆయన బతుకు తెలియని ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో. ఇత్తడి కార్మికుల పట్టణమది, ముస్లిం ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్నచోటు. గెలిచారు. 2014లో రాజస్థాన్‌కు పంపారు. టోంక్-సవాయి మాధోపూర్ నియోజకవర్గం. టోంక్ అంటే రాజపుత్ర సంస్థానాల నడుమ ఒకనాటి ముస్లిం నవాబుల సంస్థానం. ఓడిపోయారు. భారత జట్టు సారథి అనే గుర్తింపు నిజంగా పనిచేసేదైతే దేశంలో ఏ స్థానమైనా ఒకటే. కానీ స్థానాల ఎంపికను గమనిస్తే పార్టీ చేతిలో ఉన్నది స్కోరుబోర్డు కాదని, జనాభా లెక్కల పుస్తకమని అర్థమవుతుంది.

ఇది కొత్త విద్య కాదు. ఈ దేశంలో క్రీడాకారుణ్ణి చట్టసభకు నిలబెట్టిన తొలి పెద్ద ఉదంతమే కులం కథ. పాల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. పూనాలో తెల్లదొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేస్తూ, వలలో దొరలకు బంతులు వేస్తూ ఆట నేర్చినవాడు. హిందువుల జట్టులో ఆయన లేకుంటే యూరోపియన్లపై గెలుపు లేదు, కానీ తేనీటి విరామంలో అగ్రకులాల సహచరులకు పింగాణీ కప్పుల్లో, ఆయనకు పెవిలియన్ బయట మట్టిముంతలో. 1911 ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీశాడు. సారథ్యం మాత్రం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. తమ్ముడు విఠల్ హిందూ జట్టుకు సారథి కావడానికి 1923 దాకా పట్టింది. యౌవనంలో అంబేడ్కర్ కూడా అభిమానించిన వీరుడు బాలూ.

ఆ బాలూను 1937లో బొంబాయి శాసనసభ ఎన్నికలలో కాంగ్రెస్ ఎవరిపై నిలబెట్టింది? డాక్టర్ అంబేడ్కర్‌పై. అంబేడ్కర్ గెలిచారు, సుమారు రెండు వేల ఓట్ల తేడాతో. అంత స్వల్ప తేడా రావడమే బాలూ కీర్తికి సాక్ష్యం. మట్టిముంతలో టీ తాగించిన సమాజమే, ఆ అవమానాన్ని రాజకీయ ప్రశ్నగా మార్చిన మనిషిని ఓడించేందుకు ఆ ముంత పట్టుకున్న చేతినే వెదికి తెచ్చుకున్నది. బాలూను నిందించడం నా ఉద్దేశం కాదు. ఆయనకు తనదైన విశ్వాసం ఉంది. 1932 పూనా ఒప్పందంపై సంతకం చేసినవారిలో ఆయనా ఉన్నారు. నిందించవలసింది ఆ ఎంపిక వెనుక ఉన్న లెక్కను. పీడిత సమూహం నుంచి ఒక ఉద్యమ నాయకుడు ఎదిగినప్పుడు, అదే సమూహం నుంచి ఒక ఆరాధ్య వీరుణ్ణి ఎదురు నిలబెట్టడం ఆనాడే కనిపెట్టిన ఎత్తుగడ. వీరుడు ప్రశ్నలు అడగడు, అడిగినా క్రమశిక్షణతో అడుగుతాడు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారీ ఒకటుంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ హాకీ జట్టుకు సారథి అయిన జైపాల్ సింగ్ ముండా, 1939లో ఆదివాసీ మహాసభ నాయకత్వం స్వీకరించాడు. రాజ్యాంగసభలో ఆదివాసుల గొంతు అయ్యాడు. 1952 బిహార్ శాసనసభ ఎన్నికలలో ఆయన జార్ఖండ్ పార్టీకి 32 స్థానాలు వచ్చాయి. ఆయనను ఏ పార్టీ తెచ్చి ఏ గడిలోనూ కూర్చోబెట్టలేదు. ఆటలో వచ్చిన పేరును తన జనం దగ్గరకు తానే తీసుకుపోయాడు. 1963లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోవడం వేరే విషాదం. బాలూకూ జైపాల్‌కూ తేడా ప్రతిభలో లేదు, వెనుక ఒక సంఘం నిర్మాణమై ఉందా లేదా అన్నదానిలో ఉంది.

మన తెలుగు నేల మీదికి వద్దాం. నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి విద్యార్థి దశలో హైదరాబాదులో క్రికెట్ ఆడినవారు, వికెట్ కీపర్. 2010 నవంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయనను ‘రాజకీయాల్లోకి వచ్చిన క్రికెటర్’ అని ఎవరైనా అన్నారా? మాజీ మంత్రి అమరనాథరెడ్డి కుమారుడిగా, తండ్రి స్థానమైన వాయల్పాడు నుంచి 1989లో శాసనసభకు వచ్చిన మనిషికి క్రికెట్ ఒక ముచ్చట మాత్రమే. ఆయన ఏ సామాజిక వర్గానికి ‘ప్రతీక’గా వచ్చారని ఎవరూ రాయలేదు. ఆయన సహజంగా వచ్చారు. అధికారం ఇంట్లో ఉన్నవాడికి ఆట అలంకారం. లేనివాడికి అదే ప్రవేశ రుసుము.

అంబటి రాయుడి విషయంలో మాత్రం ఎవరూ మొహమాటపడలేదు. 2023 డిసెంబరు 28న వైఎస్సార్‌సీపీ కండువా కప్పుకున్నారు. 2024 జనవరి 6న తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. దుబాయిలో ఆడబోయే లీగ్ కారణంగా రాజకీయాలకు దూరంగా ఉండాలని వివరణ ఇచ్చారు. కొద్ది రోజులకే పవన్ కల్యాణ్‌ను కలిశారు. ఆ పది రోజులలో మన పత్రికలలో జరిగిన చర్చంతా గుంటూరు ఓట్ల గురించి, కాపు సమీకరణల గురించి. ఆయన బ్యాటింగ్ సగటును ఎవరూ ప్రస్తావించినట్టు లేదు. మనవాళ్ల ఆతురత ఎంతటిదంటే టికెట్టు దాకా ఆగే ఓపిక కూడా ఉండదు. 2016 ఆగస్టులో రియోలో పి.వి. సింధు ఫైనల్‌కు చేరగానే ఆమె కులమేమిటని ఇంటర్నెట్‌లో వెదికినవారిలో తెలుగు రాష్ట్రాలవారే ముందున్నారని పత్రికలు రాశాయి. పతకం మెడలో పడకముందే మనం ఆమెను పంచుకోవడం మొదలుపెట్టాం.

ఇక మా మలక్‌పేట గురించి ఒక మాట. మలక్‌పేట అంటే ‘పాతబస్తీ స్థానం’ అని ఈ తరం విద్యార్థులు అనుకుంటారు. 2008 పునర్విభజనకు ముందు ఈ నియోజకవర్గం సరూర్‌నగర్, ఎల్బీనగర్ దాకా పరచుకొని ఉండేది. బీజేపీ అభ్యర్థి నల్లు ఇంద్రసేనారెడ్డి ఇక్కడ నుంచి మూడుసార్లు గెలిచారు. 2004లో కాంగ్రెస్ అభ్యర్థి మల్‌రెడ్డి రంగారెడ్డి గెలిచారు. గీత మార్చారు. ఎల్బీనగర్ వేరైంది. ఆనాటి నుంచి ఇక్కడ మజ్లిస్ అభ్యర్థి అహ్మద్ బలాలాయే గెలుస్తున్నారు. మనుషులు మారలేదు, మా సందులు మారలేదు, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక గీత గీశారు. గీతకు ఇవతల ఉన్నది ‘ముస్లిం సీటు’ అయింది, అవతలది ‘జనరల్ సీటు’ అయింది. ‘జనరల్’ అంటే ఏమిటో గెలిచినవారి ఇంటిపేర్లు కాకుండా చివరిపేర్లు చదివితే తెలుస్తుంది. గీతకు అవతల ఒక్కసారి, 2014లో, బీసీ ఉద్యమ నాయకుడు ఆర్. కృష్ణయ్య తెలుగుదేశం పక్షాన గెలిచారు. తెలంగాణకు ముఖ్యమంత్రి అభ్యర్థి ఆయనేనని ఆ పార్టీ ప్రకటించింది. హాస్టళ్ల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం దశాబ్దాలు వీధుల్లో నిలిచిన మనిషి ఆయన. ఆ ప్రకటన అధికారం కోసం కాక ఓట్ల కోసమే అయింది. ఆ తరువాత వైఎస్సార్‌సీపీ ఆయనను ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు పంపింది, తరువాత బీజేపీ పంపింది. అంటే ఉద్యమం నుంచి వచ్చినవాణ్ణి కూడా పార్టీలు చివరికి క్రీడాకారుణ్ణి వాడినట్టే వాడుకోగలవు. నా వాదనకు ఇది ఇబ్బంది కలిగించే ఉదాహరణే. అయినా చెప్పక తప్పదు.

అజహరుద్దీన్ చివరికి సొంత నగరంలో పోటీ చేసింది 2023లో, జూబ్లీహిల్స్‌లో. పేరు చూసి మోసపోవద్దు. ఆ నియోజకవర్గంలో అద్దాల మేడల కంటే బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ బస్తీలే ఎక్కువ. బీఆర్‌ఎస్ అభ్యర్థి మాగంటి గోపీనాథ్ చేతిలో 16 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 2025 జూన్‌లో గోపీనాథ్ మరణించారు. ఉప ఎన్నిక వచ్చింది. రెండేళ్లుగా ఆ స్థానాన్ని తనదిగా భావించిన అజహరుద్దీన్‌కు కాంగ్రెస్ టికెట్టు ఇవ్వలేదు. బీసీ అయిన నవీన్ యాదవ్‌కు ఇచ్చింది. అంతకుముందే ఆగస్టులో అజహరుద్దీన్‌ను గవర్నర్ కోటా శాసనమండలి స్థానానికి మంత్రివర్గం సిఫారసు చేసింది. నవంబరు 11న పోలింగు. పదకొండు రోజుల ముందు మంత్రిగా ప్రమాణం. ప్రమాణం చేసిన రోజుకు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. 2023 డిసెంబరు నుంచి దాదాపు 23 నెలలు ఒక్క ముస్లిం మంత్రి కూడా లేకుండా నడిచిన ప్రభుత్వానికి, ఆ లోటు ఉప ఎన్నిక ముంగిట గుర్తొచ్చింది. నవీన్ యాదవ్ 24 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

ఎత్తుగడగా చూస్తే చక్కని ఫీల్డింగు అమరిక. బీసీకి సీటు, ముస్లింకు పదవి. కానీ ఇందులో ఎవరు ఎవరికి చోటిచ్చారు? ఒక ముస్లిం అభ్యర్థి తప్పుకొని బీసీకి చోటిచ్చాడు. అంతకుముందు గవర్నర్ కోటాలో మండలికి వచ్చిన పాత్రికేయుడు ఆమేర్ అలీఖాన్ నియామకం సుప్రీంకోర్టు ఉత్తర్వులతో నిలిచిపోగా, ఆ చోటుకు అజహరుద్దీన్ పేరు వచ్చింది. ముస్లిం పోయి ముస్లిం వచ్చాడు. వెనుకబడినవారు, మైనారిటీలు ఒకే బెంచీ మీద ఒకరినొకరు జరుపుకుంటున్నారు. పక్క బెంచీలో ఎవరూ జరగలేదు. జరగమని ఎవరూ అడగలేదు కూడా.

గవర్నర్ కోటా గురించి రాజ్యాంగం చదివే విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. అధికరణ 171(5) ప్రకారం సాహిత్యం, విజ్ఞానశాస్త్రం, కళలు, సహకారోద్యమం, సామాజిక సేవ, ఈ ఐదు రంగాల వారినే నామినేట్ చేయవచ్చు. క్రీడలు ఆ జాబితాలో లేవు. 2012లో సచిన్ టెండూల్కర్‌ను రాజ్యసభకు నామినేట్ చేసినప్పుడూ ఇటువంటి ప్రశ్నే తలెత్తింది. అంటే క్రీడాకారుడు ఈ తలుపు గుండా లోపలికి రావాలంటే ‘సామాజిక సేవకుడు’ అనే మరో చొక్కా తొడుక్కోవాలి. అందులో తప్పు పట్టనక్కరలేదనుకుందాం. అయితే 2023 సెప్టెంబరులో ఇదే అధికరణ చూపి, రాజకీయ నాయకులకు ఈ కోటా వర్తించదంటూ, ఆనాటి గవర్నర్ తమిళిసై రెండు పేర్లను తిప్పి పంపారు. ఒకరు దాసోజు శ్రవణ్, బీసీ. మరొకరు కుర్రా సత్యనారాయణ, ఎస్టీ. నిబంధన ఒకటే. ఎవరి ముఖం మీద అది తలుపు అవుతుందో, ఎవరికి గుమ్మం అవుతుందో మాత్రం ముందుగా చెప్పలేం.

అసలు ‘ముస్లిం ప్రాతినిధ్యం’ అంటే ఏమిటి? 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వెల్లడించిన కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడినవారు: దూదేకులవారు, ఖురేషీలు, ధోబీ ముస్లింలు, అత్తరు సాయబులు, ఫకీర్లు, తురక కాశలు, సిద్దీలు, గారడీవారు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా వచ్చిన బీసీ-ఈ చట్టం నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది మతానికి కాదు, ఇటువంటి పద్నాలుగు సమూహాలకు. సయ్యదులు, పఠాన్లు, మొఘలులు, అరబ్బులు అందులో లేరని చట్టమే స్పష్టంగా చెప్పింది. అజహరుద్దీన్ ప్రమాణం చేసిన ఆ ఋతువులోనే స్థానిక సంస్థలలో 42 శాతం బీసీ రిజర్వేషన్లపై వివాదం నడుస్తోంది. సెప్టెంబరు 26న వచ్చిన జీవో 9ను హైకోర్టు అక్టోబరు 9న నిలిపివేసింది. బీసీల వాటాలో ముస్లింలను ఎలా కలుపుతారని ఒక పక్షం వాదిస్తోంది. కలపకూడదనే వాళ్లకు ఖురేషీ ‘ముస్లిం’ మాత్రమే, బీసీ కాడు. మంత్రిపదవి ఇచ్చినవాళ్లకూ ఖురేషీ ‘ముస్లిం’ మాత్రమే, బీసీ కాడు. పరస్పరం తిట్టుకునే రెండు పక్షాలకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

నా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: ‘‘సార్, అజహరుద్దీన్ గారు బీసీ-ఈనా, ఓసీనా?’’ తరగతి నవ్వింది. ప్రశ్న అనుచితమని ఒకరిద్దరు ముఖం చిట్లించారు. ఒక వ్యక్తి కులాన్ని తవ్వడం నాకూ ఇష్టం లేదు. ఆ పని గూగుల్‌కు వదిలేద్దాం. కానీ ఆ కుర్రాడు అడిగింది వ్యక్తి గురించి కాదని నాకు తోచింది. వాళ్ల నాన్న మూసారంబాగ్‌లో బట్టలు ఇస్త్రీ చేస్తాడు, బీసీ-ఈ ధ్రువపత్రం మీద సీటు వచ్చింది. ‘ముస్లింలకు మంత్రి వచ్చాడు’ అని అందరూ అంటుంటే, ఆ ‘ముస్లింలు’ అనే మాటలో తను ఉన్నాడో లేడో తెలుసుకుందామనుకున్నాడు.

దానికి జవాబు శాఖల కేటాయింపులో కొంత దొరుకుతుంది. అజహరుద్దీన్‌కు ఇచ్చినవి మైనారిటీ సంక్షేమం, ప్రభుత్వ రంగ సంస్థలు. ముస్లిం మంత్రికి మైనారిటీ శాఖ. ఆ ఆనవాయితీ గురించి ప్రత్యేకంగా చెప్పేదేముంది? 204 మైనారిటీ గురుకులాలు ఆ శాఖ కిందివే. అది చిన్న బాధ్యత కాదు, బాగా చేస్తే ఒక తరం బతుకు మారుతుంది. కానీ ఆ ఇస్త్రీ కుర్రాడి రిజర్వేషన్ ఆ శాఖలో లేదు. అది బీసీ సంక్షేమ శాఖ వ్యవహారం. ముస్లిం పేదరికానికి ఒక మంత్రి, ముస్లిం కులానికి మరో మంత్రి. ఇద్దరూ మంత్రివర్గ సమావేశంలో పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి, తలచుకుంటే మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు.

మాట్లాడుకోవలసిన విషయం కూడా సిద్ధంగానే ఉంది. బీసీ-ఈ నాలుగు శాతం ఈనాటికీ శాశ్వతమైన తీర్పు మీద నిలబడి లేదు. హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసిన తరువాత, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తూ వచ్చింది. వైద్య కళాశాలల్లో, ఇంజనీరింగు కళాశాలల్లో, మా విశ్వవిద్యాలయంలో ఈ పదిహేనేళ్లలో చేరిన ప్రతి బీసీ-ఈ విద్యార్థి ఆ ఒక్క కాగితం మీద చేరినవాడే. రాజ్యాంగ ధర్మాసనం ఆ వ్యాజ్యాన్ని చేపట్టిన రోజున, ఈ పద్నాలుగు సమూహాల వెనుకబాటుకు కులసర్వే అంకెలను సాక్ష్యంగా పట్టుకొని ప్రభుత్వం తరఫున నిలబడేదెవరు? ఆ అంకెలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. మంత్రివర్గంలో ఒక కుర్చీలో, ఒకప్పుడు మా సందులో అందరి కాలర్లూ పైకెత్తించిన మనిషి ఉన్నాడు. ఇస్త్రీ బండి దగ్గర ఆ కుర్రాడి తండ్రి మాత్రం ఇప్పటికీ ‘హమారా అజ్జూ’ అనే అంటాడు.